ఐదడుగుల ఉప్పునీటి అక్వేరియం: వైజాగ్‌లో కొన్నేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తాను, సముద్రపు చేపల అక్వేరియంలో చేపల ఖర్చు అసలు ఖర్చే కాదు. మా హాల్లో ఉన్న ట్యాంకు ఖర్చు రెండు లక్షలు ఎప్పుడో దాటేసింది. అందులో చేపల మీద పెట్టింది పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా నీళ్ళకే పోయింది. వాటిని తయారు చేయడానికి, తిప్పడానికి, శుభ్రం చేయడానికి, అన్నిటికంటే ఎక్కువగా చల్లబరచడానికి. వైజాగ్‌లో ఈ సరదా పెట్టుకునేవాళ్ళు క్లౌన్ ఫిష్ జత ఎంత అని కాదు, ఏప్రిల్, మే నెలలు ఎలా గడుస్తాయని ముందు ఆలోచించుకోవాలి.

మాది 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. 12 మిల్లీమీటర్ల అద్దం. నిండా పోస్తే 560 లీటర్లు దాటుతుంది. ఖాళీ ట్యాంకే వంద కిలోల పైన. నీళ్ళు, ఇసుక, రాళ్ళు, స్టాండు, కింద సంప్ అని పిలిచే ఫిల్టర్ తొట్టి అన్నీ కలిపితే దాదాపు టన్ను. అపార్ట్‌మెంట్లో ఇంత బరువు గది మధ్యలో పెట్టకూడదు. తెలిసిన సివిల్ ఇంజనీరుని పిలిచి, కింద బీమ్ ఎక్కడ వెళ్తోందో చూపించుకుని, దాని మీద గోడ వారగా పెట్టించాను. స్టాండుకి మామూలు ఇనుప పైపు చాలన్నాడు వెల్డింగ్ షాపతను. ఈ ఊళ్ళో సముద్రపు గాలికే కిటికీ ఊచలు తుప్పు పట్టిపోతాయి, ఇక ఉప్పునీళ్ళ కింద ఉండే స్టాండు సంగతి చెప్పాలా? జింకు పూత ఉన్న జీఐ పైపు వేయించి, పైన ఎపాక్సీ పెయింటు కొట్టించాను. ట్యాంకు అంచుల వెంట, పైపు జాయింట్ల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. తడిబట్టతో తుడిచేది తుడుస్తూ ఉండాల్సిందే. కేబినెట్ బందులూ స్క్రూలూ స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే మాట. పెదజాలారిపేటలో నాకు తెలిసిన ఒకాయన, బోటు మీద వేటకెళ్ళే మనిషి, ఉప్పు బస్తా చూసి నవ్వేశాడు. "ఇంత సంద్రం ఎదురుగుండా ఉంటే ఉప్పు కొంటన్నావేటి బాబూ?"

కొంటున్నాను. ఒడ్డు దగ్గర నీళ్ళను నేను నమ్మను. నగరంలోని గెడ్డలు, అంటే మురుగు కలిసే వాగులు, కొన్ని నేరుగా సముద్రంలోకే దిగుతాయి, పక్కనే హార్బరు ఉంది, ఓడల డీజిలు ఉంది. అది ఒక కారణం. రెండోది చాలామందికి తెలియదు, మన దగ్గర సముద్రపు ఉప్పదనం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వేసవిలో లీటరుకి 34 గ్రాముల దాకా ఉండేది, వర్షాకాలం చివర గంగ, మహానది లాంటి నదుల మంచినీళ్ళు కోస్తా వెంబడి దక్షిణానికి దిగివచ్చే అక్టోబర్, నవంబర్ నెలల్లో 30 కన్నా కిందికి పడిపోతుంది. ట్యాంకులో చేపకి కావలసింది రోజూ ఒకటే ఉప్పదనం. సముద్రంలో నీళ్ళు నచ్చకపోతే అది లోతుకి పోతుంది, ఇక్కడ ఎక్కడికి పోతుంది?

అందుకని ఆర్వో నీళ్ళలో మెరైన్ సాల్ట్, అంటే అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం, కలుపుతాను. వంటింటి ఆర్వో పనికిరాదు. దాంట్లో రుచి కోసం కొంత టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు, మిగులుస్తారు. ఆర్వో తర్వాత ఆ మిగిలిన లవణాలనీ లాగేసే డీఐ కార్ట్రిడ్జ్ కూడా ఉన్న యూనిట్ వేరే పెట్టుకుని, మీటరులో సున్నా వచ్చాకే వాడాలి. మా అపార్ట్‌మెంట్లో మున్సిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసే వస్తాయి కాబట్టి కార్ట్రిడ్జ్ త్వరగా అయిపోతుంది. ఉప్పు లీటరుకి 36, 37 గ్రాములు పడుతుంది. డ్రమ్ములో చిన్న పంపు వేసి రాత్రంతా తిప్పి, పొద్దున ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 చూసుకున్నాక మారుస్తాను. వారానికి పదో వంతు నీళ్ళు మారిస్తే రెండు కిలోల ఉప్పు ఖర్చు. రోజూ ఆవిరై తగ్గే నీళ్ళకి మాత్రం ఉప్పు లేని ఆర్వో నీళ్ళే పోయాలి. ఆవిరయ్యేది నీళ్ళే కానీ ఉప్పు కాదు కదా.

రాళ్ళ గురించి ఒక హెచ్చరిక. "లైవ్ రాక్" పేరుతో పగడపు ముక్కలు అమ్మేవాళ్ళు దొరుకుతారు. కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పగడాలనీ సముద్రపు గుర్రాలనీ 2001లోనే చేర్చారు. చచ్చిన పగడమైనా ఇంట్లో ఉంటే కేసే. నేను కృత్రిమంగా చేసిన సిరామిక్ రాళ్ళు వాడాను. మొదట్లో బాత్రూమ్ టైల్స్‌లా తెల్లగా, చూడ్డానికి బాగోవు. కొన్ని నెలలకి ఊదారంగు నాచు పట్టి కుదురుకున్నాయి. ఆ రాళ్ళలో బ్యాక్టీరియా స్థిరపడి, అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చడం మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఖాళీ ట్యాంకే. పిల్లలు రోజూ "చేపలెప్పుడు నాన్నా" అని అడుగుతారు, ఓర్చుకోవాలి.

ఇక చిల్లర్, అంటే నీళ్ళని చల్లబరిచే యంత్రం. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. ఈ చేపలకి 25, 26 డిగ్రీలు కావాలి. మే నెలలో ఏసీ వేయని హాల్లో, పంపుల వేడి, లైట్ల వేడి కలిసి నీళ్ళు 31 దాటేస్తాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. అసలే ఉప్పునీటిలో మంచినీటికంటే తక్కువ. అదే సమయంలో చేపకి ఆయాసం పెరుగుతుంది. నీళ్ళ మీదకి చిన్న ఫ్యాన్లు పెడితే చాలని వీడియోల్లో చెప్తారు. హైదరాబాద్‌లో నా ఫ్రెండు ఫ్యాన్లతోనే నడిపేస్తున్నాడు, అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు గబగబా ఆవిరై చల్లబడతాయి. చెమటే ఆరని మన ఊళ్ళో ట్యాంకు నీళ్ళేం ఆరతాయి? మాకు ఫ్యాన్లతో ఒక డిగ్రీ దిగడం కూడా గగనమే.

చిల్లర్ కొనేటప్పుడు ట్యాంకు లీటర్లకి కంపెనీవాళ్ళు చెప్పే సైజుకన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. దాన్ని కేబినెట్ లోపల పెట్టకండి. అది ఫ్రిజ్ లాంటిదే, నీళ్ళలోంచి లాగిన వేడిని వెనక నుంచి వదులుతుంది. మూసిన అరలో పెడితే ఆ వేడినే మళ్ళీ పీల్చుకుని రోజంతా ఆగకుండా తిరుగుతుంది. మాది యుటిలిటీ బాల్కనీలో ఉంది, గోడకి కన్నం వేయించి పైపులు తెప్పించాను. సముద్రపు గాలికి రెండో వేసవిలోనే దాని ఫ్యాన్ మోటారు పట్టేసింది. కంపెనీ సర్వీసు వాళ్ళు పార్టు రావాలంటూ వాయిదాల మీద వాయిదాలు వేశారు. చివరికి మా వీధి ఫ్రిజ్ మెకానిక్కే మామూలు మోటారు బిగించి ఒక పూటలో తేల్చేశాడు. ఆ మధ్యలో హాల్లో ఏసీ రాత్రింబవళ్ళు వేసి ఉంచాల్సి వచ్చింది. మా ఆవిడ బెడ్‌రూమ్‌లోంచి అడిగింది: "ఏమండీ, చేపలకి ఏసీ, మనకి ఫ్యానూనా?"

కరెంటు లెక్క కూడా చెప్పాలి. పంపులు, ట్యాంకులో నీళ్ళని కదిలించే వేవ్‌మేకర్లు, మురికి తీసే స్కిమ్మర్, లైట్లు కలిపి రోజుకి మూడు, నాలుగు యూనిట్లు. వేసవిలో చిల్లర్ ఇంకో మూడు, నాలుగు లాగుతుంది. అంటే మే నెలలో రెండొందల యూనిట్లు ట్యాంకుకే. బిల్లులో స్లాబు మారిపోతుంది.

కరెంటు పోవడం వేరే టెన్షన్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి చీకటే. అప్పటికి ఈ ట్యాంకు లేదు కానీ, దాన్ని తలుచుకునే వైరింగ్ చేయించాను. ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్లు మాత్రమే ఉంటాయి. రెండూ కలిసి ముప్ఫై వాట్లే కాబట్టి 150 ఏహెచ్ బ్యాటరీతో ఒక రోజంతా లాగేస్తాయి. నీళ్ళు కదులుతుంటే చేపలు బతుకుతాయి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు కూడా డ్రాయర్లో ఉంది. ఇంకోటి, మెయిన్ పంపు ఆగగానే పైనున్న కొంత నీరు పైపుల్లోంచి సంప్‌లోకి దిగుతుంది. సంప్‌లో దానికి ఖాళీ ఉండాలి. నీళ్ళు పోసిన మొదటి రోజే పంపు ఆపి, పక్కన నిలబడి చూసుకోండి.

మిగతా సామాన్లలో ప్రోటీన్ స్కిమ్మర్‌కి పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది. సన్నటి బుడగలతో మురికిని పైకి తోసి కప్పులో పడేస్తుంది. ఆ కప్పు విప్పితే టీ డికాక్షన్ రంగు నీళ్ళు, గోడలకి పచ్చటి జిగురు, ఇల్లంతా వాసన. బాల్కనీలోనే కడగాలి. యూవీ ల్యాంపు మాత్రం దండగ అనిపించింది. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చే జబ్బుని అది ఆపుతుందని అమ్మారు, ఆపలేదు. ఆపింది వేరే చిన్న తొట్టే. కొత్త చేప ఏదైనా నాలుగు వారాలు అందులో ఉండాల్సిందే. రాగి మందు కూడా ఆ తొట్టిలోనే వేయాలి. పెద్ద ట్యాంకులో వేస్తే రొయ్యలూ నత్తలూ చచ్చిపోతాయి.

చేపలు చెన్నై నుంచి పార్సిల్‌లో వస్తాయి. సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ అడిగి తీసుకోండి. మన దేశంలో వాటి పెంపకాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు సాధించారు. వచ్చిన రోజే గుళికలు తింటాయి, జబ్బులూ తక్కువ. డామ్సెల్ చేపలు మాత్రం చూడ్డానికే నీలం ముద్దులు, వచ్చాక ఎవరినీ బతకనివ్వవు.

మా క్లౌన్ జతలో పెద్దది ఆడది. వీటిలో అన్నీ మగవిగానే పుడతాయి, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఓ సాయంత్రం రాయి వాలులో ఒకచోటే రెండూ నోటితో తెగ రుద్దుతుంటే ఏంటా అనుకున్నాను. మర్నాటికి అక్కడ నారింజ రంగు గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి పరిచినట్టు. ఆడది దాని మానాన అది తిరుగుతుంటే, మగది మాత్రం రెక్కలతో విసురుతూ, చెడిపోయినవి నోటితో ఏరేస్తూ వారం పాటు అక్కడి నుంచి కదల్లేదు. అద్దం తుడవడానికి చెయ్యి పెడితే, బొటనవేలంత లేనిది వచ్చి కరిచింది. పిల్లలు బతకలేదు. వాటికి కంటికి కనిపించనంత చిన్న రోటిఫర్లు మేత వేయాలి, ఆ పని ఇంకో పూర్తి ఉద్యోగం.

నెలకి ఏడెనిమిది వేలు తేలిగ్గా ఖర్చు పెట్టగలిగి, ఆదివారం పొద్దున రెండు గంటలు దీనికి ఇవ్వగలిగితేనే ఇంత పెద్దది పెట్టండి. లేదంటే ఇదే ట్యాంకులో మంచినీటి చేపలు పెట్టుకోవచ్చు, చిల్లర్ ఖర్చు ఉండదు. ఇప్పటికే ఉన్నవాళ్ళకి ఒక్క మాట. చిల్లర్ సర్వీసింగ్ మార్చి మొదటి వారంలోనే చేయించుకోండి. ఏప్రిల్ వచ్చిందంటే ఈ ఊళ్ళో ఏసీ మెకానిక్కులు ఫోన్ ఎత్తరు.