కోళ్ల ఇంక్యుబేటర్‌ల యాకీ గుడ్లు పెట్టిన, ఎండాకాలం ఒక లెక్క వానాకాలం ఒక లెక్క

ఇది కోడిగుడ్ల ఇంక్యుబేటర్, 48 గుడ్లు పట్టేది, ఆన్‌లైన్‌ల 4,500 పెట్టి తీస్కున్న. కోళ్లకి ఎట్లుంటదో నేను చెప్పలేను, నేను వాడింది యాకీ మానిటర్ గుడ్లకి. యాకీ అంటే ఆస్ట్రేలియా ఉడుము జాతి, మన పొలాలల్ల తిరిగే ఉడుము కాదు. మన ఉడుము 1972 వన్యప్రాణి చట్టంల షెడ్యూల్ 1ల ఉన్నది, పట్టుకున్నా ఇంట్ల పెట్టుకున్నా జైలు కేసు, ఎవరన్న పిల్లని అమ్ముతమంటే అస్సలు తీస్కోకుండ్రి. నా యాకీ జంట కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌ల రిజిస్టర్ అయ్యి ఉన్నయ్, పిల్లలు పుడితే అది గూడ అండ్ల చెప్పాలె.

మొదటిసారి ఆడది ఫిబ్రవరిల పెట్టింది, 8 గుడ్లు. దానికోసం అడుగున్నర లోతు ఇసుక, ఎర్రమట్టి కలిపి తడిపి పెట్టిన, అంత లోతు తడిమన్ను దొరకకపోతే అది పెట్టకుండ కడుపులనే ఆపుకుంటది, దాని ప్రాణం మీదికొస్తది, కొత్తగ పెంచేటోళ్లు ముందు ఇది చూస్కోవాలె. తవ్వి తీసి ఒక్కోదాని పైన పెన్సిల్‌తోని గుర్తు పెట్టిన, ఎందుకంటే కోడిగుడ్డు లెక్క వీటిని తిప్పొద్దు, తిప్పితే లోపల పిండం పోతది. ఈ మిషన్‌ల గుడ్లు తిప్పే మోటర్ ఉంటది కదా, దాని వైర్ పీకి ట్రే మొత్తం తీసేసిన. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మోటర్ ముడితే వారంటీ పోతది భయ్యా" అన్నడు, ముందే చెప్పిండు కాబట్టి నాకు దాని గురించి బాధ లేదు.

బాధంతా టెంపరేచర్‌తోని. కోళ్లకి 37.7 సెట్ అయ్యి వస్తది, నేను 29కి దించిన. స్క్రీన్ మీద 29 అనే చూపిస్తది, లోపల నా ప్రోబ్ థర్మామీటర్ (వైర్ చివర సెన్సర్ ఉండేది) పెడితే 31. సరే రెండు డిగ్రీలు తగ్గించి సెట్ చేసిన, మార్చి దాకా మంచిగనే నడిచింది. ఏప్రిల్ వచ్చినంక మా కుత్బుల్లాపూర్ ఇంట్ల, పై ఫ్లోర్, మధ్యాహ్నం రూమే 36 అయితది, ఈ మిషన్‌కి వేడి చేసుడు తప్ప చల్లగ చేసుడు రాదు, హీటర్ ఆఫ్ అయ్యి ఊకె కూసుంటది, లోపల గుడ్లు ఉడుకుతయ్. ఒక్కొక్కటే సొట్టలు పడ్డయ్, బూజు పట్టినయ్. ఆఖరిది కోసి చూస్తే లోపల తోకతోని సహా తయారైన పిల్ల. ఆ రోజు నాకు అన్నం పోలేదు.

జులైల మళ్ల 9 పెట్టింది. ఈసారి కోఠి గుజరాతీ గల్లీల ఎస్‌టీసీ 1000 కంట్రోలర్, అంటే వేడిని చూసి హీటర్ ఆన్ ఆఫ్ చేసే థర్మోస్టాట్, తెచ్చి మిషన్ హీటర్‌ని దానికి కలిపిన, దాని ప్రోబ్ గుడ్ల పక్కనే పెట్టిన. లోపల ఫ్యాన్ గాలికి అన్నీ ఎండిపోతయ్ కాబట్టి గుడ్లని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల, వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజం పలుకులు) ఎంత బరువుంటే అన్ని నీళ్లు కలిపి, సగం పూడేటట్టు పెట్టిన, మూతకి రెండు చిన్న రంధ్రాలు చాలు. మిషన్ అడుగున నీళ్ల గాడి నింపినా దాని తేమ వీటికి సరిపోదు. వానాకాలం రూమ్ 27, 28 ఉంటది, అందుకే హీటర్ కొంచెం కొంచెం వచ్చి పోతుండె, మూడు నెలలల్ల అర డిగ్రీ కంటే ఎక్కువ అటు ఇటు కాలేదు. కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిచింది, తక్కువ కరెంటే తింటది. 108వ రోజు పొద్దున ఒక గుడ్డు చీలి మూతి బయటపెట్టింది, మొత్తం 6 పిల్లలు.

డబ్బా బాడీ, ఫ్యాన్, హీటర్ ఈ రేటుకు మంచిగనే ఉన్నయ్, మిషన్‌తోని వచ్చిన కంట్రోలరే పనికిరాదు. జూన్ దాటినంక జనవరిలోపు పొదిగేటట్టు ఉంటే, ఇంకో థర్మోస్టాట్ పెట్టుకునే ఓపిక ఉంటే తీస్కోండ్రి. ఎండాకాలం గుడ్లొస్తే దీన్ల పెట్టకుండ్రి, పెడితే రూమ్‌ల ఏసీ రాత్రి పగలు నడవాలె. ఎస్‌టీసీ 1000కి చల్లబరిచే మిషన్ కలిపే లైన్ గూడ ఉంటది, పాత చిన్న ఫ్రిజ్ ఒకటి దానికి కలుపుదామని చూస్తున్న, ఎందుకంటే ఆడది మళ్ల మన్ను తవ్వుతున్నది, ఇది ఫిబ్రవరి.