ఫుర్ట్‌వెంగ్లర్ పాత రికార్డింగులు: ఏళ్ల తరబడి విన్నాక నా అభిప్రాయం

వెస్టర్న్ క్లాసికల్ ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్ల కోసం రాస్తున్నది కాదిది. బీథోవెన్ తొమ్మిదో సింఫనీని ఏదో ఒక మంచి స్టీరియో రికార్డింగులో ఒకటి రెండు సార్లు విని, "ఈ ఫుర్ట్‌వెంగ్లర్ అంటే జనం ఎందుకింత పడిచస్తారు, ఆ గరగర సౌండుని ఎలా భరిస్తారు" అని అనుకుంటున్నవాళ్ల కోసం. నేను చాలా ఏళ్లుగా ఆర్కెస్ట్రాని నడిపించే ఈ జర్మన్ కండక్టర్ని సీడీల్లో, స్ట్రీమింగ్‌లో, అప్పుడప్పుడు ఎల్పీల్లో వింటున్నాను. తేలిందేమిటంటే, మిగతా కండక్టర్ల విషయంలో కృతి చూసి కొనుక్కోవచ్చు గానీ ఈయన విషయంలో తేదీ చూసి కొనాలి, ఆ తర్వాత ఆ టేపుని ఎవరు శుభ్రం చేశారో చూసి మరీ కొనాలి.

విల్‌హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ 1886లో పుట్టి 1954లో పోయాడు. 1922లో అప్పటి కండక్టర్ నికిష్ చనిపోయాక బెర్లిన్ ఫిల్‌హార్మనిక్ ఈయన చేతికొచ్చింది. 78 ప్లేట్ల కాలంలో నాలుగైదు నిమిషాలకోసారి ఆపి వాయించాల్సి వచ్చేది. ఈయన సంగీతమేమో ఎక్కడో పదిహేనో నిమిషంలో రాబోయేదాన్ని మొదటి నిమిషం నుంచే కూడగట్టుకుంటూ వెళ్లే రకం, ముక్కలు చేస్తే ఏమీ మిగలదు. అందుకే స్టూడియో ప్లేట్ల కన్నా రేడియో వాళ్లు టేపు మీద పట్టిన కచేరీలే ఈయన అసలు ఆస్తి.

ఒక్క తొమ్మిదో సింఫనీయే తీసుకోండి. ఒకటి 1942 మార్చిలో బెర్లిన్‌లో, పాత ఫిల్‌హార్మనీ హాల్లో చేసింది (ఆ హాలు 1944 జనవరిలో బాంబులకి పోయింది). ఇంకొకటి 1951 జులై 29న, యుద్ధం తర్వాత బైరాయిట్ (వాగ్నర్ ఒపేరాల) ఉత్సవం మళ్లీ తెరుచుకున్న రోజు చేసింది. నోట్స్ అవే, కండక్టరూ ఆయనే, కానీ రెండూ వేరే మనుషులు చేసినట్టుంటాయి. 1942 దాంట్లో మొదటి భాగం మధ్యకి రండి. మొదట్లో ఎక్కడో దూరంగా వణుకుతూ మొదలైన అంశం తిరిగి వచ్చే చోటు అది, ఈసారి మేజర్ స్కేల్‌లో, పూర్తి బలంతో. అక్కడ టింపనీ (పెద్ద డ్రమ్ములు) దాదాపు నలభై బార్ల (ఆవర్తాల లాంటివి) పాటు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చాలామంది కండక్టర్లు దాన్ని వెనకాల ఉరుములా ఉంచేస్తారు. ఇక్కడ అది ముందుకొచ్చి మీద పడిపోతుంది, మైకులు తట్టుకోలేక సౌండు పగిలిపోతుంది, కింద బాస్‌లు ఏం వాయిస్తున్నాయో కూడా తెలీదు. రికార్డింగు పరంగా అది లోపమే. కానీ ఎంతో శుభ్రంగా రికార్డు చేసిన వెర్షన్లలో ఆ చోటు వచ్చినప్పుడు నాకు ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

1951ది అంత కోపంగా ఉండదు. మూడో భాగం దాదాపు ఇరవై నిమిషాలు సాగుతుంది, హడావిడిలో ఉంటే పెట్టుకోకండి, నిజంగా విసుగొస్తుంది. చివరి భాగంలో కోరస్ దేవుడి ముందు దేవదూత నిలబడ్డాడని పాడి ఆగే చోట ఆ ఆఖరి స్వరాన్ని ఎంతసేపు పట్టి ఉంచుతాడంటే, గాయకుల ఊపిరి మీద మనకే టెన్షన్ వస్తుంది. ఇక ముగింపులో వేగం చేయి దాటిపోయి ఆర్కెస్ట్రా ఎవరికి వాళ్లు పరుగెత్తుకుంటూ గీత దాటినట్టు ఉంటుంది. దాన్ని గొప్పతనం అనేవాళ్లున్నారు. నాకైతే అది గందరగోళమే, మిగతా డెబ్బై నిమిషాల కోసం సర్దుకుంటాను.

మన కచేరీలు విని పెరిగిన చెవికి మొదట్లో ఇబ్బంది పెట్టేది గరగర కాదు, కాలప్రమాణం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత ప్లేట్లు విన్నవాళ్లకి ఆ శబ్దం ఒక లెక్కా? కానీ ఎత్తుకున్న కాలంలోనే ముగించాలి అని నేర్చుకున్నవాళ్లకి, ఒకే భాగంలో ఇలా లాగడం, అలా తోయడం తప్పులా వినిపిస్తుంది. కాలం కదలనివ్వని కండక్టర్ టోస్కనీనీ వాళ్లకి వెంటనే నచ్చుతాడు. నాకూ మొదట్లో ఆయనే నచ్చాడు. నెమ్మదిగా పట్టుబడిందేమిటంటే, ఫుర్ట్‌వెంగ్లర్ వేగం మార్చేది ఊరికే మూడ్ బట్టి కాదు. హార్మనీ ఎక్కడ బిగుస్తోందో అక్కడ బిగిస్తాడు, ఎక్కడ విడుస్తుందో అక్కడ విడుస్తాడు. హైన్రిష్ షెంకర్ అనే సిద్ధాంతకారుడి దగ్గర కూర్చుని స్కోర్లు చర్చించిన మనిషి, ఆ చదువు కనిపిస్తుంది. అయినా బాఖ్ మాత్రం ఈయన చేతిలో నాకు ఎక్కలేదు, మరీ బరువు.

ఇప్పుడు సౌండు సంగతి. యుద్ధకాలపు జర్మన్ రేడియో దగ్గర మాగ్నెటోఫోన్ (టేపు రికార్డర్) ఉంది, 1940 తర్వాత అందులో హై ఫ్రీక్వెన్సీ బయాస్ (టేపు సౌండుని శుభ్రం చేసే పద్ధతి) కూడా వచ్చింది, అంటే అప్పట్లో మిగతా ప్రపంచం ప్లేట్లు కోస్తుంటే వీళ్లు పొడవాటి టేపు మీద కచేరీ మొత్తం పట్టేస్తున్నారు. 1945లో సోవియట్ సైన్యం ఆ టేపులు చాలావాటిని మాస్కో పట్టుకుపోయింది. సోవియట్ రికార్డు కంపెనీ మెలోదియా ఎల్పీలుగా బయటికొచ్చినవి అవే. 1987లో కాపీలు బెర్లిన్‌కి తిరిగొచ్చాయి. 2018లో బెర్లిన్ ఫిల్‌హార్మనిక్ వాళ్లే 1939 నుంచి 1945 దాకా రేడియో రికార్డింగులన్నీ 22 డిస్కుల పెట్టెగా వేశారు. ఖరీదెక్కువ, నేను జర్మనీలో ఉన్న బావమరిది చేత తెప్పించుకున్నాను. డబ్బు దండగ కాలేదు. చవక వెర్షన్లలో గరగర తీసేస్తున్నామని హాలు గాలిని కూడా తీసేస్తారు, దుమ్ము దులపమంటే గోడ సున్నం రాల్చేసినట్టు. వయొలిన్లు ప్లాస్టిక్‌లా వినిపిస్తే అర్థం చేసుకోండి. కాస్త గరగర ఉన్నదే తీసుకోండి, పది నిమిషాల్లో చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. జనం దగ్గుల్ని మాత్రం మానదు. యుద్ధకాలపు చలికాలం కచేరీల్లో మెల్లటి చోట్లన్నీ దగ్గులే.

శ్రుతి కూడా చూసుకోవాలి. 1944 డిసెంబర్‌లో వియన్నా ఫిల్‌హార్మనిక్‌తో చేసిన బీథోవెన్ మూడో సింఫనీ, 'ఎరోయికా', అద్భుతమైనది. దాన్ని 1953లో యురేనియా అనే అమెరికన్ కంపెనీ ఎల్పీగా వేస్తే ఆపమని ఫుర్ట్‌వెంగ్లర్ కోర్టుకెక్కాడు. ఆ ఎల్పీ వేగం ఎక్కువై శ్రుతి పైకి పోయింది. దాన్నుంచి తీసిన కాపీలు ఇంకా తిరుగుతున్నాయి, విని "అబ్బ ఎంత ఉద్వేగం" అనుకునే ముందు శ్రుతిపెట్టె ఒకసారి పక్కన పెట్టుకోండి.

స్ట్రీమింగ్‌తో ఇంకో తలనొప్పి: కృతి పేరు, ఆయన ఫొటో ఉంటాయి, తేదీ ఉండదు. ఉన్నా తప్పుంటుంది. భాగాల మధ్య ఆగకూడని చోట అర సెకను ఖాళీ వస్తుంది. స్టీరియో అని రాసి ఉంటే దూరంగా ఉండండి, మోనోని సాగదీసి చేసిన స్టీరియో అది.

ఆయన రాజకీయాల మాటెత్తకుండా ఇవి వినడం నాకు కుదరదు. 1942 ఏప్రిల్‌లో హిట్లర్ పుట్టినరోజు ముందు సాయంత్రం ఇదే తొమ్మిదో సింఫనీ చేశాడు, నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ వేదిక దగ్గరికొచ్చి చేయి కలపడం ఫిల్ములో ఉంది. నాజీలకి గిట్టని స్వరకర్త హిండెమిత్ కోసం 1934లో పదవులు వదులుకున్నదీ ఆయనే, యూదు సంగీతకారులకి సాయపడిందీ ఆయనే, అయినా దేశం వదల్లేదు. 1947లో, నాజీ సంబంధాల విచారణలో, నిర్దోషి అని తేల్చారు. చికాగో ఆర్కెస్ట్రా వాళ్లు పిలిచి, పియానిస్టులు హోరోవిట్జ్, రూబిన్‌స్టైన్ లాంటివాళ్లు ఎదురుతిరిగాక 1949లో పిలుపు మానుకున్నారు. యూదుడైన వయొలినిస్టు మెనుహిన్ మాత్రం ఆయన పక్షాన నిలబడ్డాడు. నేను తీర్పు చెప్పలేను, కానీ 1945 జనవరి 23 బ్రామ్స్ మొదటి సింఫనీ వింటుంటే ఇదంతా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ఆ కచేరీలో మధ్యలో కరెంటు పోయింది, టేపులో మిగిలింది ఆఖరి భాగం ఒక్కటే.

మొదట ఏది వినాలంటే, యుద్ధకాలపువి కాదు. 1953లో డాయిష్ గ్రామోఫోన్‌కి బెర్లిన్ డాలెమ్ చర్చిలో చేసిన షూమాన్ నాలుగో సింఫనీ పెట్టండి. మోనో అయినా సౌండు శుభ్రంగా ఉంటుంది, అరగంటలో అయిపోతుంది. మూడో భాగం అయ్యాక, నాలుగోది మొదలయ్యే ముందు, ఆర్కెస్ట్రా దాదాపు వినిపించనంత కిందికి దిగి అక్కడి నుంచి ఒక్కో మెట్టూ పైకెక్కే చోటు ఉంది. వాల్యూమ్ పెంచుకోవాలనిపిస్తుంది. పెంచకండి, వెనకాల వచ్చే ట్రంపెట్లకి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. అది నచ్చకపోతే ఫుర్ట్‌వెంగ్లర్ మీకు పడడు, ఆ 22 డిస్కుల జోలికి వెళ్లకండి. నచ్చితే తర్వాత 1951 షూబర్ట్ తొమ్మిదోది, ఆ తర్వాతే 1942 బీథోవెన్ తొమ్మిదోది.