మా హాల్లో నాలుగేళ్లుగా ఉన్న జిమ్ బాల్

2021 జూన్‌లో, ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్న రోజుల్లో, నాకు నడుము పట్టేయడం మొదలైంది. పొద్దున లేవాలంటే ముందు పక్కకు తిరిగి, మోచేతి మీద బరువు వేసి, మెల్లగా కూర్చోవాల్సి వచ్చేది. డాక్టరు ఎక్స్‌రే చూసి భయపడాల్సిందేమీ లేదని, నడుము చుట్టూ కండరాలు బలపడాలని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. బెంగళూరు కె.ఆర్.పురంలో మా వీధి చివరే ఒక చిన్న క్లినిక్ ఉంది. అక్కడి ఫిజియో అమ్మాయిది అనంతపురం. నా మాట వినగానే "మీదెక్కడ అక్కా?" అని అడిగి, మూలనున్న, మనిషి కూర్చోగలిగేంత పెద్ద నీలం గాలి బంతిని (అదే జిమ్ బాల్) దొర్లించుకొచ్చి నా ముందు పెట్టింది. మధ్యలో కొన్ని వారాలు మానేసిన మాట నిజమే కానీ, అప్పటినుంచి వారానికి నాలుగు రోజులు ఆ బంతితోనే కసరత్తు చేస్తున్నాను.

నేను కొన్న మొదటి బంతి సైజు తప్పు. పెద్దదైతే గట్టిగా ఉంటుందనుకుని 75 సెంటీమీటర్లది తెప్పించాను. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. దాని మీద కూర్చుంటే మడమలు నేలకు ఆనేవే కావు. నాలాంటి ఎత్తున్నవాళ్లకు 55 సరిపోతుంది. 5 అడుగుల 8 అంగుళాలు దాటిన మా ఆయనకు 65 కావాలి. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేల మీద ఉండి, తుంటి మోకాళ్లకు సమంగానో ఒక వేలెడు ఎత్తులోనో ఉంటే సైజు కుదిరినట్టే.

గాలి విషయం ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే వివరంగా రాస్తున్నాను. కొత్త బంతికి మొదటి రోజే నిండా గాలి కొట్టకూడదు. ముప్పావు వంతు పైన కొట్టి ఒక రోజు వదిలేస్తే ప్లాస్టిక్ సాగుతుంది, మర్నాడు మిగతాది కొట్టాలి. సైజు చూసుకోవడానికి గోడ మీద 55 సెంటీమీటర్ల ఎత్తులో పెన్సిల్ గీత గీసి, బంతిని దాని పక్కన పెట్టాను. బంతి మెత్తగా ఉంటే నేలకు ఎక్కువ ఆనుతుంది, అంతగా కదలదు. గట్టిగా ఉంటే కొంచెం కదిలినా దొర్లిపోతుంది. కాబట్టి కొత్తవాళ్లు కాస్త మెత్తగా ఉంచుకుని మొదలుపెట్టి, అలవాటయ్యాక గాలి పెంచుకోవచ్చు. డిసెంబరు చలిలో పొద్దున్నే బంతి కొంచెం మెత్తబడుతుంది. అది గాలి పోవడం కాదని తెలుసుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

రెండో బంతికి వచ్చిన తెల్ల బిరడా మాత్రం నిజంగానే గాలి వదిలేది. మూడు రోజులకోసారి పంపు కొట్టేదాన్ని. అమ్మినవాళ్లకు ఫోటోలతో సహా రాశాను, రెండు వారాలైనా జవాబు లేదు. చివరికి విడిగా రెండు బిరడాలు కొనుక్కున్నాను. కొనేటప్పుడు పెట్టెలో అదనపు బిరడా ఉందో లేదో చూసుకోండి. 'యాంటీ బర్స్ట్' అన్న మాట కూడా చూడండి. చిల్లు పడితే ఢాం అని పేలకుండా మెల్లగా గాలి పోతుందని దాని అర్థం. చిల్లు పడదని కాదు. అందుకే నేల ఊడ్చి, జడపిన్ను తీసి పక్కన పెట్టాకే మొదలుపెడతాను. బంతిని బాల్కనీ ఎండలో వదలను.

ఇక కసరత్తు. నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినదాన్ని నేను తిరగలి అని పిలుచుకుంటాను. మోకాళ్ల మీద ఉండి, మోచేతులు బంతి మీద ఆనించి, ఒళ్లు పలకలా నిటారుగా ఉంచి, మోచేతులతో బంతిని తిరగలి తిప్పినట్టు చిన్న చిన్న సున్నాలుగా తిప్పాలి. కెనడాలో వెన్నెముక మీద పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. వెన్ను వంగకుండా ఉంటూనే పొట్ట చుట్టూ కండరాలు అన్ని వైపుల నుంచీ పట్టుకోవాల్సి రావడమే ఇందులోని కిటుకు. మొదటి నెల ఎనిమిది సెకన్లు ఉండగలిగాను. ఇప్పుడు మోకాళ్లు పైకెత్తి, అటు పది, ఇటు పది తిప్పుతాను. నడుము కిందికి జారిందంటే అక్కడితో ఆపేయాలి. జారాక చేసేదంతా నొప్పి కోసం చేసినట్టే.

ఊపిరి బిగపట్టడం నా పెద్ద తప్పు. "అక్కా, పైకి లెక్కపెట్టండి, మాట వస్తోందంటే ఊపిరి ఆడుతున్నట్టే" అని ఆ అమ్మాయి చెప్పింది. ఈ రోజుకీ ఒకటి, రెండు అని గట్టిగానే లెక్కపెడతాను.

వెల్లకిలా పడుకుని మడమలు బంతి మీద పెట్టి తుంటి పైకెత్తడం, అలాగే ఉంచి బంతిని మడమలతో దగ్గరకు లాక్కోవడం రెండోది. మొదట్లో తొడల వెనక పట్టేసేది, మూడు వారాల్లో తగ్గింది. గోడకూ నడుముకూ మధ్య బంతి పెట్టుకుని గుంజీలు తీయడం మోకాళ్లకు సుఖంగా ఉంటుంది. కానీ కాళ్ల బలమే కావాలంటే నేల మీద బరువుతో చేసే గుంజీలే మేలు. కదిలే దాని మీద కండరం కొంత శక్తిని నిలదొక్కుకోవడానికే ఖర్చుపెడుతుంది. బంతి మీద పడుకుని బరువైన డంబెల్స్ ఎత్తే పని మాత్రం పెట్టుకోకండి.

కుర్చీకి బదులు బంతి అనే సలహాను కూడా నేను నాలుగు నెలలు నిజాయితీగా పాటించాను. మొదటి అరగంట నిటారుగానే కూర్చునేదాన్ని. తర్వాత వీపు గూనిగా వంగిపోయేది, ఆనుకోవడానికి వెనక ఏమీ ఉండదు కదా. సాయంత్రానికి నడుము నొప్పి ఎక్కువయ్యేది. 1963లో ఇటలీలో అక్విలినో కొసాని ప్లాస్టిక్‌తో ఈ బంతుల తయారీ మొదలుపెట్టాక, స్విట్జర్లాండ్‌లో ఫిజియోథెరపిస్టులు చికిత్సకు వాడారు. అక్కడ చూసిన అమెరికా ఫిజియోలు దీనికి స్విస్ బాల్ అని పేరు పెట్టారు. అంటే పదీ ఇరవై నిమిషాలు, ఒకరు దగ్గరుండి చేయించే పనికి ఇది వాడుకలోకి వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు దీని మీద కూర్చోమనడం నాకు ఏ కోశానా నచ్చలేదు. మళ్లీ వీపు ఆనే కుర్చీ కొనుక్కున్నాను.

బ్యాలెన్స్ సంగతీ చెప్పాలి. బంతి మీద మోకాళ్లతో నిలబడగలిగిన రోజు ఎంత సంతోషపడ్డానో! ఆ వారమే మెట్రోలో, కె.ఆర్.పుర నుంచి ఎం.జి.రోడ్డు వెళ్తూ రైలు ఆగినప్పుడల్లా ఎప్పటిలాగే తూలాను. నిలబడే బ్యాలెన్స్ పాదాలకూ చీలమండలకూ విడిగా నేర్పాలి. అప్పటినుంచి పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడుతున్నాను. ఆర్నెల్లకు తేడా తెలిసింది. రైల్లో కమ్మీ పట్టుకోవడం మాత్రం మానలేదు, మానకూడదు కూడా.

కింద చాప తప్పనిసరి. మా ఇంటి టైల్స్ మీద సాక్సులతో చేస్తూ ఒకసారి బంతి పక్కకు జారి, మోచేయి వారం రోజులు వాచింది. వట్టి కాళ్లతో, గోడకు దగ్గరగా చేయండి. గర్భిణులు, డిస్కు సమస్య ఉన్నవాళ్లు ఫిజియోను అడగకుండా మొదలుపెట్టకండి.

మొన్న హిందూపురం నుంచి అమ్మ వచ్చింది. డెబ్బై రెండేళ్లు. "నన్నూ కూర్చోనీయవే దాని మీద" అంది. కూర్చోనివ్వలేదు. బంతిని గోడకు ఆనించి రెండు చేతులతో నొక్కి పట్టుకోమన్నాను, అది బాగా చేసింది. పాలు కాగే లోపు వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కూడా నేర్పాను. నిన్న కుడికాలి మీద పన్నెండు లెక్కపెట్టింది. ఎడమకాలి మీద ఇంకా ఏడే.