పిల్లల్లేరు, వయసు 28, ట్యూబులు తీయించుకున్నా: క్లినిక్‌కి నా రేటింగ్ 5కి 4

ముందే చెప్తున్నా, ఎవర్నీ ఈ ఆపరేషన్ (గర్భం ఇక రాకుండా ఫెలోపియన్ ట్యూబులు, అంటే అండం గర్భసంచికి చేరే గొట్టాలు తీసేయడం) చేయించుకోమని ఎగదోయడానికి రాయట్లేదు. నాలాగే పిల్లలు వద్దని ఎప్పుడో తేల్చేసుకుని, వినే డాక్టర్ దొరక్క తిరుగుతున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. క్లినిక్‌ల పేర్లు మాత్రం అడగొద్దు, చెప్పను.

ముందు వెళ్లిన క్లినిక్‌లో మొత్తం పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పెళ్లయింది, పిల్లల్లేరు, వద్దు కూడా, ట్యూబులు తీయించుకోవాలి అనగానే డాక్టర్ గారు పెన్ను కింద పెట్టేశారు. "చూడమ్మా, ఇప్పుడలాగే అనిపిస్తుంది, ముప్పై దాటాక నువ్వే ఏడుస్తూ వస్తావు" అని, పైగా ఓ లెక్క కూడా చెప్పారు, ముప్పై లోపు చేయించుకున్నవాళ్లలో 20 శాతం మంది తర్వాత బాధపడ్డారని పెద్ద స్టడీలో తేలిందట. అయిదుగురిలో ఒకరంటే చిన్న సంగతేం కాదు, నాకూ గుండె జారింది. లేస్తుంటే "ఒక బిడ్డ పుట్టాక రా, చూద్దాం" అన్నారు. అకౌంట్ క్లోజ్ చేయమంటే ముందు లోన్ తీసుకో అన్నట్టుంది ఇది.

ఇక రెండో క్లినిక్, రేటింగ్ ఇచ్చేది దీనికే. మొదటి రోజు దాదాపు గంటసేపు కూర్చోబెట్టారు. మా ఆయన్ని బయట ఉండమని తలుపేసి డాక్టర్ మేడమ్ అడిగిన మొట్టమొదటి ప్రశ్న "ఇది నీ ఆలోచనా, ఆయనదా?" అని. నాకు కాస్త కోపమొచ్చింది, మొహంలో కనపడిందేమో, ఎందుకు అడుగుతున్నారో ఆవిడే చెప్పారు. ఈ ఆపరేషన్‌ని ఇష్టం లేనివాళ్ల మీద రుద్దిన చరిత్ర చాలా ఉంది, 1927లో అమెరికా సుప్రీంకోర్టే బక్ వర్సెస్ బెల్ కేసులో అలా బలవంతంగా చేయడం తప్పు కాదని తీర్పిచ్చింది. అదే దేశంలో ఇంకోపక్క అడిగి మరీ వచ్చినవాళ్లకి డాక్టర్లు ఒక లెక్క పెట్టేవాళ్లట, వయసుని పిల్లల సంఖ్యతో గుణిస్తే 120 రావాలి, వస్తేనే ఆపరేషన్. ముగ్గురు పిల్లలుంటే నలభై ఏళ్లకి పాస్. నాకు నూరేళ్లొచ్చినా సున్నాతో గుణిస్తే సున్నానే, ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత నేనే ఆ 20 శాతం సంగతి ఎత్తా. ఆవిడ దాన్ని కొట్టిపారేయలేదు, నిజమే అన్నారు, 1999లో వచ్చింది, పదకొండు వేల మందికి పైగా ఆడవాళ్లని 14 ఏళ్ల వరకు ఫాలో అయిన స్టడీ అది. ముప్పై, అంతకి లోపు వయసులో చేయించుకున్నవాళ్లలో 20.3 శాతం, ముప్పై దాటినవాళ్లలో 5.9 శాతం. అయితే అదే పేపర్లో ఇంకో అంకె కూడా ఉంది, అసలు పిల్లల్ని కననివాళ్లలో బాధపడినవాళ్లు 6.3 శాతమే. నాకు నోట మాట రాలేదు. మొదటి డాక్టర్ గారు ఆ స్టడీలోంచి నన్ను భయపెట్టే ముక్క ఒక్కటే తీసి చేతిలో పెట్టారన్నమాట! మేడమ్ మళ్లీ "మరీ సంబరపడకు, ఆ రోజుల్లో పిల్లల్లేనివాళ్లు ఇంతమంది డాక్టర్లని దాటుకుని వచ్చారంటే మొండిగా తేల్చుకున్నవాళ్లే అయ్యుంటారు, అందుకే అంకె తక్కువొచ్చి ఉండొచ్చు" అన్నారు. ఈ మాటతోనే నాకు ఆవిడ మీద గురి కుదిరింది, నా వైపు మొగ్గే అంకెని కూడా అనుమానంగా చూశారు కాబట్టి.

కాగితం వెనక బొమ్మ గీసి చూపించారు, ట్యూబులు ముడేస్తే ఎలా ఉంటుంది, మొత్తం తీసేస్తే ఎలా అని. తీసేస్తే ఓవరీ క్యాన్సర్ రిస్క్ తగ్గుతుంది, కానీ మళ్లీ అతికించేదేం ఉండదు, మనసు మారితే ఐవీఎఫ్ ఒక్కటే దారి. గర్భం రాకుండా చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్, గర్భసంచిలో పెట్టే లూప్ కూడా దాదాపు ఇంతే గట్టిగా పనిచేస్తాయి, ఎప్పుడైనా తీసేయొచ్చు, అవి ఎందుకు వద్దు అని అడిగారు. హార్మోన్లు నాకు పడలేదు, కాపర్ లూప్‌తో బ్లీడింగ్‌తో చచ్చా అని చెప్పా. మీ ఆయనకి వేసెక్టమీ ఇంకా చిన్న పని కదా, లోకల్ మత్తుతో అరగంటలో అయిపోతుంది అన్నారు. అవును నిజమే. కానీ రేపు ఏదో అయి మేము విడిపోతే ఆయన ఆపరేషన్ ఆయనతోనే పోతుంది, నా నిర్ణయం నా ఒంట్లోనే ఉండాలి అన్నా. అది ఫైల్లో నా మాటల్లోనే రాసుకున్నారు. మొదటి క్లినిక్‌లో కూడా ప్రశ్నలే అడిగారు, కాకపోతే అవి జవాబు కోసం అడిగినవి కావు.

ఒక నెల ఆగి రమ్మన్నారు. అప్పుడు విసుగొచ్చింది, ఏళ్ల తరబడి ఆలోచించిన మనిషికి మళ్లీ నెలా అని. ఇప్పుడైతే ఆ నెలకి మార్కులు తీసేయను, మధ్యలో రెండు రాత్రులు నిద్రపట్టక ఎటూ తేలక కూర్చున్నా, ఆ పని ఆపరేషన్ ముందే అయిపోవడం మంచిదైంది.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, లాప్రోస్కోపీ, చిన్న కోతలు, సాయంత్రానికి ఇంటికి. పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పెట్టింది, లోపల నింపిన గ్యాస్ వల్ల అట, ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, అడ్మిషన్ ఫారం. చివర్లో "భర్త సంతకం" అని గీత. గైనకాలజిస్టుల అంతర్జాతీయ సంఘం ఫిగో 2011లోనే రాసింది, ఈ ఆపరేషన్‌కి ఒప్పుకోవాల్సింది ఆ మనిషి ఒక్కతే, ఆమె బదులు భర్త గానీ ఇంకెవరు గానీ ఒప్పుకోవడం చెల్లదని. కౌంటర్లో ఉన్నతనికి అదంతా చెప్తే "రూల్ కాదు మేడమ్, ఫారం అలాగే ఉంది" అన్నాడు. మా ఆయన పాపం పెన్ను తీసి సంతకం పెట్టేయబోయాడు, నేనే ఆపా. డాక్టర్ మేడమ్‌కి ఫోన్ వెళ్లింది, ఆవిడ కిందికొచ్చి ఆ గీత కొట్టేసి పక్కన తన సంతకం పెట్టారు, కొత్త ఫారాలు ప్రింట్ చేయిస్తాం అని కూడా అన్నారు.

రెండు వారాలకి చెకప్‌కి వెళ్లా. పక్క కుర్చీలో ఇరవై అయిదు కూడా ఉండవేమో, ఒకమ్మాయి ఒంటరిగా కూర్చుని ఫారం నింపుతోంది, చివరి గీత దగ్గరికొచ్చి ఆగిపోయింది. పాత ఫారమే. కొట్టేయొచ్చని చెప్పి నా పెన్ను ఇచ్చా.