గుడ్‌రిచ్, విగ్మోర్: నున్నగా చేసిన కోట, పచ్చగా వదిలిన కోట
ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న ఈ రెండు శిథిల కోటలనూ కాపాడారు. పద్ధతులే వేరు.

గుడ్‌రిచ్‌ను 1920లో ప్రభుత్వం తీసుకుంది. ఐవీ తీగ పీకెయ్యడం, పడిన రాళ్లు ఎత్తెయ్యడం, పగుళ్లు పూడ్చడం, కింద గడ్డి నున్నగా కత్తిరించడం అప్పటి పద్ధతి. అందుకే ఏది గదో, ఏది బురుజో ఇట్టే తెలిసిపోతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే హాయి.

విగ్మోర్ 1995లో ఇంగ్లీష్ హెరిటేజ్ (ఇంగ్లండ్‌లో పాత కట్టడాలను చూసుకునే సంస్థ) చేతికొచ్చింది. కూలిన రాళ్లూ మట్టీ మొదటి అంతస్తు దాకా పేరుకున్నా, వాటిని అలాగే ఉంచేశారు. సింహద్వారం కమాను సగం నేలలోనే ఉంది. గోడల మీది మొక్కల్ని మట్టితో సహా దించి, రాళ్లను సున్నంతో బిగించి, మళ్లీ ఆ పచ్చికే పరిచారు. అది గోడకు గొడుగులా పనిచేస్తుంది: వాననీరు పీల్చుకుంటుంది, మంచుకు రాయి పగలకుండా అడ్డుపడుతుంది. చెట్టు మొలిస్తే మాత్రం పీకాల్సిందే. మన గోపురాల మీద రావిమొక్క చేసే పని తెలిసిందేగా!

నా ఓటు విగ్మోర్‌కే. కాకపోతే కోట ప్లాన్ చూద్దామని వెళ్తే బోర్డులే దిక్కు.