హాంబుర్గ్‌లో ఒక్కరోజే ఉందా? 62వ నంబరు ఫెర్రీ ఎక్కండి

నాన్న మా దగ్గర ఉన్న మూడు వారాల్లో హాంబుర్గ్‌కి దొరికింది ఒక్క శుక్రవారం. మేముండేది జర్మనీలోని బ్రెమెన్‌లో, అక్కడి నుంచి ప్రాంతీయ రైల్లో సుమారు గంటా పావు. నాన్నకి డెబ్భై రెండేళ్ళు. కుడి మోకాలు అరిగిపోయింది, పావుగంట నడిస్తే కూర్చోవాల్సిందే. నేను రాసుకున్న పట్టికలో ఆరు చోట్లున్నాయి. రైలు దిగేసరికి రెండే ఉంచాను. వాటిలో మొదటిది 62వ నంబరు ఫెర్రీ. రోజులో సగం దానికే ఇచ్చాం, అందుకే రాస్తున్నాను.

ఇది పర్యాటకుల పడవ కాదు. హాంబుర్గ్ వాళ్ళు బస్సు ఎక్కినట్టు ఎక్కే పడవ. ఊళ్ళో బస్సుకీ మెట్రోకీ చెల్లే టికెట్టే దీనికీ చెల్లుతుంది. నాకు దేశమంతా బస్సులకీ లోకల్ రైళ్ళకీ చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, నాన్నకి తొమ్మిది తర్వాత చెల్లే రోజు టికెట్ తీసుకున్నాను, పది యూరోల లోపే అయింది. అది చేతిలో ఉంటే ఎన్నిసార్లయినా దిగొచ్చు, ఎక్కొచ్చు. లాండుంగ్స్‌బ్రూకెన్ రేవులో మూడో నంబరు వంతెన దగ్గర బయల్దేరి, ఎల్బే నది మీద ఫింకెన్‌వెర్డర్ దాకా వెళ్తుంది. ఒక వైపు అరగంట లోపే. పగటిపూట పావుగంటకొకటి ఉంటుంది కాబట్టి పరిగెత్తే పని లేదు. మోకాలినొప్పి ఉన్నవాళ్ళకి అదెంత పెద్ద విషయమో చెప్పనక్కర్లేదు.

రేవుకి ఎస్-బాన్ లోకల్ రైల్లో త్వరగా చేరొచ్చు గానీ, మీరు యూ3 మెట్రో ఎక్కండి. రాట్‌హౌస్ స్టేషన్ దాటాక రైలు భూమిలోంచి బయటికొచ్చి స్తంభాల మీద నడుస్తుంది. బౌమ్‌వాల్ దగ్గర ఎడమవైపు రేవంతా ఒక్కసారిగా కనబడుతుంది. నాన్న అక్కడే సీట్లోంచి లేచారు.

ఒక్క సంగతి నాకు ముందు తెలిసి ఉంటే బాగుండేది. సముద్రం అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఆటుపోట్లు ఆ ఊరి దాకా వస్తాయి. నీటిమట్టం రోజుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, తేడా 3.5 మీటర్లకు పైనే. పడవలాగే రేవు కూడా నీటి మీద తేలే పాంటూన్లే. ఒడ్డు నుంచి వాటి మీదికి దించిన వంతెనలు నీరు నిండినప్పుడు చదునుగా ఉంటాయి, నీరు తీసినప్పుడు నిట్టవాలుగా దిగుతాయి. మేం వెళ్ళింది సరిగ్గా నీరు తీసిన వేళకే. నాన్న ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, పక్కకి తిరిగి అడుగులో అడుగేస్తూ దిగారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందురోజే ఆటుపోట్ల వేళలు చూసుకోండి. రేవులో ఉన్న రాతి గడియార స్తంభం మీద కూడా నీటిమట్టం కనబడుతుంది.

పడవ ముందుభాగం చూస్తే ఇస్త్రీపెట్టె గుర్తొస్తుంది. అక్కడివాళ్ళు ఈ తరహా పడవల్ని పిలిచేదీ అదే పేరుతో. ప్రతి రేవులోనూ మోకులు కట్టి కూర్చోరు. సరంగు పడవని పాంటూన్‌కి ఆనించి, ఇంజన్ ఆపకుండానే అదిమి పట్టి ఉంచుతాడు. ఇనప పలక వాలుతుంది, జనం దిగుతారు, ఎక్కుతారు, ఒకటి రెండు నిమిషాల్లో కదిలిపోతుంది. "ఇది పెద్ద పంటు పడవే తల్లీ," అన్నారు నాన్న. పలక దగ్గర నిలబడ్డ కుర్రాడు పలకరింపుగా "మొయిన్" అంటే, బ్రెమెన్‌లో మూడు వారాలుగా వింటున్న మాటే కాబట్టి నాన్న కూడా గట్టిగా "మొయిన్" అన్నారు.

పై డెక్కుకి మెట్లు నిటారుగా ఉంటాయి. అయినా ఎక్కుతానన్నారు, ఎక్కారు. వెళ్ళేటప్పుడు ఎడమవైపు ఓడలు బాగుచేసే డాక్‌లు, ఆ తర్వాత కంటెయినర్ల క్రేన్లు. కుడివైపు ఊరు. 1896లో కట్టిన చేపల వేలంశాల, తర్వాత ఓడ ముక్కులా నీటి మీదికి వాలిన డాక్‌లాండ్ భవనం. మేం వెళ్తుండగా ఒక కంటెయినర్ ఓడ ఎదురొచ్చింది. దాని పక్కకి వచ్చేసరికి మాకు ఎండ పోయింది. పెట్టెల వరసలు లెక్కపెడుతూ తొమ్మిది దగ్గర నాన్న ఆపేశారు. ఓడ వెళ్ళిపోయాక దాని అల మా పడవని రెండుసార్లు ఎత్తి దించింది. మే నెలే అయినా గాలి చెవులు కోసేస్తుంది. మఫ్లర్ లేకుండా పైకి ఎక్కొద్దు.

నోయ్‌ముయ్‌లెన్ దగ్గర దిగాం. ఇక్కడ తప్పకుండా దిగండి. పాంటూన్ పక్కనే పాత ఓడల మ్యూజియం రేవు ఉంది. కొంచెం ముందుకెళ్తే ఓవెల్‌గ్యోన్నె, ఒకప్పుడు ఓడ కెప్టెన్లూ, నదిలో దారి చూపే పైలట్లూ కట్టుకున్న చిన్న ఇళ్ళ వరస. దాని కింద నది ఒడ్డున నిజమైన ఇసుక. అవతలి ఒడ్డున క్రేన్లు పెట్టెలు దించుతుంటాయి, ఇవతల పిల్లలు కాళ్ళు తడుపుకుంటుంటారు. నాన్న చెప్పులు విప్పి ఇసుకలో కాళ్ళు పెట్టుకుని గంటసేపు బెంచీ మీదే ఉన్నారు. పొద్దున కలిపిన పులిహోర తిన్నాం. నేను ఒక ఫిష్‌బ్రోట్‌షన్ కూడా కొన్నాను, ఉప్పులో మాగిన హెరింగ్ చేప, ఉల్లిపాయ చక్రాలు, గట్టి రొట్టె. నాన్న ఒక ముక్క కొరికి, "ఉల్లిపాయ ఉండబట్టి సరిపోయింది," అన్నారు. అక్కడి నుంచి మళ్ళీ 62 ఎక్కి ఫింకెన్‌వెర్డర్ దాకా వెళ్ళి, దిగకుండా వెనక్కి వచ్చాం.

లోపాలూ చెప్పాలి. వివరించి చెప్పే గైడ్ ఎవరూ ఉండరు, ఏది ఏమిటో మీరే ముందు చదువుకుని వెళ్ళాలి. ఎండ కాసిన శని, ఆదివారాల్లో సైకిళ్ళతో కిక్కిరిసిపోతుంది. యునెస్కో గుర్తింపు పొందిన పాత గిడ్డంగుల వాడ స్పైఖర్‌స్టాట్ కాలువల్లోకి ఇది వెళ్ళదు. అవి చూడాలంటే చిన్న విహార పడవలే దిక్కు, అవీ నీరు నిండుగా ఉంటేనే లోపలికి వెళ్ళగలవు. రెండేళ్ళ క్రితం ఆఫీసువాళ్ళతో అలాంటి దాంట్లో వెళ్ళాను. మనిషికి 20 యూరోల పైన తీసుకున్నారు, అద్దాల వెనక కూర్చోబెట్టారు, గైడ్ గబగబా చెప్పిన జర్మన్ సగం అర్థం కాలేదు. ఆ గంట కంటే ఈ అరగంట నాకు ఎంతో నచ్చింది.

అదే టికెట్టుతో, అదే రేవు నుంచి 72వ నంబరు పడవ ఎల్బ్‌ఫిల్హార్మొనీ సంగీతశాలకి వెళ్తుంది. మా పట్టికలో రెండోది అది. 2017లో తెరిచారు. 37 మీటర్ల ఎత్తులో చుట్టూ తిరిగి చూసే ప్లాజాకి, మేం వెళ్ళినప్పుడు, అప్పటికప్పుడు తీసుకునే టికెట్ ఉచితం. పైకి తీసుకెళ్ళే 82 మీటర్ల ఎస్కలేటర్ వంపు తిరిగి ఉంటుంది, మొదట్లో చివర కనబడదు. పైన గాలి మళ్ళీ అంతే. ఇరవై నిమిషాలు చాలు. కాళ్ళు బాగున్నవాళ్ళు రేవు పక్కనే 1911లో తెరిచిన పాత ఎల్బే సొరంగంలోకి కూడా దిగి రండి. లిఫ్టు ఉంది, నడిచేవాళ్ళకి డబ్బేం లేదు, కానీ అవతలి ఒడ్డుకి 400 మీటర్ల పైన నడక. మేం వదిలేశాం.

నాలుగింటికి 72లో లాండుంగ్స్‌బ్రూకెన్‌కి తిరిగొచ్చాం. ఒడ్డుకి ఎక్కాలని నేను భుజం అందించాను. నాన్న చూసి, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. నీరు నిండింది. పొద్దున పక్కకి తిరిగి దిగిన వంతెన ఇప్పుడు ఇంటి ముందు వీధిలా చదునుగా ఉంది. కర్ర చంకలో పెట్టుకుని నాకంటే ముందు నడిచి వెళ్ళారు.