ఒంగోలులో బడి తర్వాత పిల్లల కేంద్రం: చాన్నాళ్లు పంపాక

కర్నూలు రోడ్డు వైపు ఒక పాత ఇంట్లో, సాయంత్రం 4 నుంచి 7.30 దాకా నడుస్తుంది. 24 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఒక ఆయమ్మ. మా ఇంటి నుంచి ఇద్దరు వెళ్తారు, చిన్నదానికి ఆటిజం. ‘అందరు పిల్లల్నీ చేర్చుకుంటాం’ అని బోర్డు పెట్టారు. సగానికి పైగా నిజమే.

అన్నిటికన్నా బాగున్నది మొదటి అరగంట. రాగానే పుస్తకాలు తీయించరు. కాళ్లూ చేతులూ కడిగించి, నీళ్లు తాగించి, గుగ్గిళ్లో రాగిజావో పెడతారు. ట్యూషన్‌కు అలవాటు పడ్డవాళ్లకు ఇది టైము దండగ అనిపిస్తుంది గానీ ఆకలి మీదున్న పిల్లాడికి ఎక్కాలు ఎక్కవు. నమలలేని బాబుకి అవే శనగలు మెత్తగా మెదిపి పెడతారు, విడిగా వండరు. పల్లీలు పడని పాప ఉందని చిక్కీ అందరికీ మానేశారు.

గోడ మీద బొమ్మల పట్టిక ఉంటుంది. తిండి, హోంవర్కు, ఆట, రంగులు, ఇల్లు: 5 కార్డులు. ఒక్కో పని అయ్యాక పిల్లలే ఆ కార్డు తీసి డబ్బాలో వేస్తారు. పని మారడానికి 5 నిమిషాల ముందు ఇసుక గడియారం తిప్పుతారు. నోటితో చెబితే పట్టని పిల్లలకు కళ్లెదుట జారే ఇసుక అర్థమవుతుంది. ఆటిజం పిల్లల కోసం పెట్టినా మిగతావాళ్ల పేచీలూ తగ్గాయి. టీచరు మారినప్పుడే ఇదంతా గాడి తప్పుతుంది. వానకు ఆట ఆగినా కొత్తావిడ ఆట కార్డు తీయలేదు. పట్టికలో ఉన్నది జరగకపోతే ఈ పిల్లలకు ఏడుపే. ‘వాన’ కార్డు ఒకటి అదనంగా చేసి పెట్టుకోవాలి. అక్టోబరు, నవంబరు ఇక్కడ వానలేగా.

గోల భరించలేని పిల్లలకు ఒక మూల మందపాటి కర్టెన్ కట్టి, చాప, దిండ్లు వేశారు. అల్లరి చేసినవాళ్లనూ అక్కడికే పంపడంతో అది శిక్ష మూల అయింది, అవసరమున్న పిల్లలే పోవడం మానేశారు. గట్టిగా చెప్పాక ఆపారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ చేయించుకునే పిల్లల వ్యాయామాలు కాగితం మీద రాయించుకుని, మెట్టెక్కి దిగడం, బంతి తన్నడం లాంటివి ఆటలో కలిపేస్తారు. ఈ ఒక్క పనికే వీళ్లకు మంచి మార్కులు వేయొచ్చు.

ర్యాంపు మాత్రం పేరుకే. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. నేల నుంచి గుమ్మం ఎత్తు అడుగున్నర, అంటే 18 అడుగులు రావాలి. కట్టింది 6. చక్రాల కుర్చీని ఇద్దరు పట్టి తోయాలి, దించేటప్పుడు వెనక్కి తిప్పి దించాలి. మధ్యలో 5 అడుగుల చదును వదిలి మలుపు తిప్పితే అంత పొడవు ర్యాంపూ ఆ వాకిట్లోనే సరిపోతుంది. బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ పెట్టారు సరే, తలుపు వెడల్పు 2 అడుగులే. కుర్చీ లోపలికే పోదు!

ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు చేర్చే ముందే అడగాల్సింది ఒంటిపూట బడుల సంగతి. మార్చి మధ్య నుంచి బడి 12.30కి వదిలితే వీళ్లు 2కి తెరుస్తారు, ఫీజు మాత్రం 500 ఎక్కువ. ఆ గంటన్నర పిల్లలు ఎక్కడుండాలో తేల్చుకోకుండా డబ్బు కట్టొద్దు.